ఏరు దాచిన ఆరుగుళ్ళ పిస్తోలు

నీలగంధి రాజ్యంలో ఆయుధాన్ని విరగ్గొట్టరు. పసుపు కుంకుమ పెట్టి పూజించిన కత్తినిగాని తుపాకినిగాని, అదెంత పనికిమాలినదైనా సరే, సమ్మెట కింద పెట్టడం మహాపాపమని అక్కడివాళ్ళ నమ్మకం. వయసు మళ్ళిన ఆయుధాన్ని తమలపాకుల్లో చుట్టి, బూడిదేరు రేవుకు తీసుకుపోయి, నీళ్ళలో వదిలేసి, వెనక్కి చూడకుండా ఇంటిదారి పడతారు. రాజుగారి ఖడ్గానికైనా ఇదే మర్యాద, కాపువాడి బరిసెకైనా ఇదే మర్యాద. ఇది మంచి ఆచారమో పిచ్చి ఆచారమో ఈ ప్రకరణం ముగిసేసరికి మీరే తేల్చుకోండి.

ఆ ఏటి అడుగున దొరికేదానితో బతికే మనిషి ఒకతె ఉంది. పేరు పేరమ్మ. ఆమె పెనిమిటి కమ్మరి నాగలింగం ఒకప్పుడు తుపాకులు చెయ్యడంలో పేరు మోసినవాడు. ఆయన పోయాక ఈవిడ రేవు పక్కనే కొలిమి పెట్టుకుని, జాలర్ల వలల్లో చిక్కిన పాత ఇనుమును బాగుచేసి మళ్ళీ మనుషుల చేతుల్లో పెడుతూ వస్తోంది. "గంగమ్మకు ఇచ్చింది తీసుకుంటున్నావే" అని ఎవరైనా దెప్పితే, "గంగమ్మ వద్దనుకుంది గనకే వలలో పడింది" అంటుంది. ఆమె నోటికి బదులు చెప్పగలవాడు ఆ సీమలో ఇంకా పుట్టలేదు.

మన సింగన్న ఆ కొలిమికి వచ్చింది మాఘపున్నమి వెళ్ళిన మర్నాడు. ఇరవై రెండేళ్ళవాడు. కుంభగిరి కనుమలో కావలివాళ్ళ ఇంటి చిన్నకొడుకు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అన్న వరదన్నే పెంచాడు. గురి చూడడం నేర్పాడు, అబద్ధమాడితే చెవి మెలిపెట్టాడు, జ్వరమొస్తే పథ్యం వండి పెట్టాడు. ఆ అన్న కిందటి ఫాల్గుణ పున్నమినాడు, గురిలో ఆరితేరిన మరి పదహారుగురితో కలిసి కుంభగిరి కోటకు వెళ్ళాడు. కోటను ఆక్రమించుకుని కూర్చున్న కరాళుడనే మాంత్రికుణ్ణి కాల్చి రమ్మని రాజుగారు పంపారు. రాజుగారు మాత్రం రాలేదు. రాజులకు అంత తీరిక ఉండదు. వెళ్ళిన పదిహేడుగురిలో ఒక్కడూ తిరిగి రాలేదు.

వాళ్ళేమయ్యారో కోట నుంచి పారిపోయి వచ్చిన బూడిదవాడొకడు చెప్పాడు. ఒళ్ళంతా బూడిద పూసుకుని, బూడిదరంగు అంగీ తొడుక్కుని కరాళుడికి ఊడిగం చేసేవాళ్ళను బూడిదవాళ్ళంటారు. వాడు పేరమ్మ వసారాలో మూడు రోజులు బతికి నాలుగోరోజు చచ్చిపోయాడు. బతికిన మూడు రోజుల్లో చెప్పింది ఇదీ. కోట ముందరి మైదానంలో ఒక కంచుగంట వేలాడుతుంది. దానికి నాలుక లేదు. కాని మనిషి బొటనవేలు తుపాకి గుర్రాన్ని ఎత్తబోయిందో, అది తనంతట తానే మోగుతుంది. మోగిన మరుక్షణం ఆ మనిషి ఎలా ఉన్నవాడు అలాగే రాయైపోతాడు.

తుపాకి వెనక ఉండి మందు మీద దెబ్బవేసే చిన్న ఇనపసుత్తినే అక్కడివాళ్ళు గుర్రం అంటారు. ముందు బొటనవేలితో గుర్రం ఎత్తాలి, తరవాత చూపుడువేలితో మీట నొక్కాలి. ఆ రాజ్యంలో తుపాకి పేల్చడమంటే ఈ రెండు పనులే. ఇంకో పద్ధతి ఉంటుందని ఎవరూ కల కూడా కనలేదు. కరాళుడి మంత్రం సరిగ్గా ఆ బొటనవేలి మీదే కూర్చుంది.

ఇంకా ఉంది. రోజూ మిట్టమధ్యాహ్నం, నీడ పాదాల కిందికి దూరే క్షణాన, ఆ రాతిమనుషుల కళ్ళు తెరుచుకుంటాయట. చూపు తెరిస్తే కాలం తెలుస్తుంది, కాలం తెలిస్తే కట్టు సడలుతుంది. అందుకని ఆ వేళకు బూడిదవాడొకడు వచ్చి వాళ్ళ కళ్ళకు బూడిద పూసిపోతాడు. ఏడాది నిండిన మధ్యాహ్నం దాటితే ఇక ఆ కళ్ళు తెరుచుకోవు, రాయి రాయిగానే ఉండిపోతుంది. ఈలోగా గంట నేలకూలితేనే వాళ్ళకు విడుదల. గంట వేలాడినంత కాలం కరాళుడి ఒంటికి ఏ గుండూ తగలదు.

అంటే అన్నకు మిగిలింది ఒక్క నెల. సింగన్న ఇదంతా విని, "మంచి తుపాకి ఏదైనా ఉంటే ఇవ్వు అవ్వా, కొత్తదైతే మరీ మంచిది" అన్నాడు.

పేరమ్మ అతణ్ణి కిందినుంచి మీదికి చూసింది. "కొత్త ఒక వింత, పాత ఒక రోత. మీ అన్న తీసుకుపోయింది కొత్తదే గదా నాయనా, ఏమైంది?" అని లోపలికి పోయి, ఊక కుండలోంచి నూనెగుడ్డ మూట తీసుకొచ్చి అతని ముందు విప్పింది.

అదొక పిస్తోలు. జానెడు గొట్టం, గొట్టం వెనక ఆరు గదుల గుళ్ళచక్రం, తుమ్మచేవతో చేసిన పిడి. ఒకప్పుడు నల్లగా నిగనిగలాడి ఉండాలి. ఇప్పుడు వెలిసిపోయి గోధుమరంగుకు తిరిగింది. ఒక పక్కన ఒండ్రు తిన్న గుంటలు, అమ్మవారు పోసి తగ్గిన ముఖంలాగా. అందచందాల సంగతి అడగవద్దు. చేతిలోకి తీసుకుంటే మాత్రం బరువు తెలిసింది, ఆ బరువు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది.

"గొట్టంలోకి చూడు," అంది పేరమ్మ. సింగన్న గొట్టం చివర తన గోరు పెట్టి, వెనకనుంచి వెలుతురులో చూశాడు. గుండును తిప్పే లోపలి మెలికలు ఇప్పుడే చెక్కినట్టున్నాయి. "చక్రాన్ని పట్టుకుని ఊపు. వదులుందా?" లేదు. "ఒక్కో గదే తిప్పుతూ చెవిదగ్గర పెట్టుకో." తిప్పాడు. ఆరు గదులూ ఆరుసార్లు ఒకే చప్పుడుతో కుదురుకున్నాయి, ఒక్కటీ తడబడలేదు.

"ఏట్లో ఎన్నాళ్ళుంది అవ్వా?"

"ఏడేళ్ళు. ఇంకో ఏడేళ్ళున్నా దీనికేం కాదు. పైపైన తుప్పు పట్టింది గాని లోపల ప్రాణం గట్టిది. గీరాను, నూనె పట్టించాను, అంతే. ఒక్క మర కూడా మార్చలేదు."

సింగన్న అలవాటుకొద్దీ బొటనవేలు గుర్రం మీదికి పోనిచ్చాడు. పేరమ్మ అతని వేలి మీద ఒక్కటి వేసింది. "అది ముట్టుకోవద్దు. మీట లాగు. ఊరికే లాగు."

తూటాల్లేని పిస్తోలు. సింగన్న గోడవైపు చూపించి మీట లాగాడు. వేలు వెనక్కి వస్తున్నకొద్దీ గుర్రం దానంతటదే మెల్లగా పైకి లేచింది. కనిపించని బొటనవేలు ఏదో దాన్ని ఎత్తుతున్నట్టే ఉంది. చక్రం ఒక గది తిరిగింది, గుర్రం దబ్బున పడింది. సింగన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. పిస్తోలు చేతిలోంచి జారవిడవబోయి సంబాళించుకున్నాడు.

"మా ఆయన చేసినవాటిలో ఇట్లాంటిది ఇదొక్కటే," అంది పేరమ్మ. గొంతు మామూలుగానే ఉంది. "చేయించుకున్నది ఎవరనుకున్నావు? ఈ కరాళుడే. అప్పుడు వాడు కోట కావలికి పెద్ద. పని చూసి మురిసిపోయాడు. ఇట్లాంటిది రెండోది పుట్టకూడదని మా ఆయన్ని చంపేశాడు. తరవాత మంత్రాల పిచ్చి పట్టింది. మంత్రం పట్టాలంటే ఆయుధం వదిలెయ్యాలట. దీన్ని విరగ్గొట్టి ఉంటే సరిపోయేది. పసుపు పెట్టిన ఆయుధం గదా, తెచ్చి ఏట్లో వదిలాడు. మనిషిని చంపడానికి వచ్చిన చెయ్యి ఇనుమును విరవడానికి రాలేదు వాడికి."

సింగన్న పిస్తోలును వెలుతురుకు తిప్పాడు. పిడిని గుప్పిట్లో పట్టుకుని చూశాడు. ఎన్నో ఏళ్ళు ఒకే చెయ్యి పట్టి అరగదీసిన చెక్క అది. మీట కిందుండే రెండు వేళ్ళకు రెండు పల్లాలు పడ్డాయి. మూడోది, చిటికెనవేలు ఆనేచోట, చెక్క కొత్తదానిలా ఎత్తుగా ఉంది.

"వాడికి కుడిచేతి చిటికెనవేలు లేదు," అంది పేరమ్మ.

ఆ రోజునుంచి నెల్లాళ్ళూ సింగన్న పేరమ్మ కొలిమితిత్తి ఊదాడు. పిస్తోలుకు ప్రతిఫలం అదే. తీరిక దొరికినప్పుడల్లా ఇసుకదిబ్బ మీద గురి. కావలివాడి బొటనవేలు చెప్పినమాట వినే రకం కాదు. వద్దనుకున్నా గుర్రం మీదికే పోతుంది. పేరమ్మ దాన్ని తడిగుడ్డతో అరచేతికి కట్టేసింది. గుర్రం ముందే ఎత్తి ఉంటే మీట పూచికపుల్లలా కదులుతుంది. గుర్రాన్ని కూడా మీటే ఎత్తాలంటే మాత్రం నూతిలోంచి నిండుచేద లాగినట్టు బరువు. లాగేసరికి గొట్టం కుడివైపు పక్కకు పోతుంది.

"దీని మీట మరీ మొండిది అవ్వా," అన్నాడొకనాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీబోటివాడు. ఉలిక్కిపడ్డట్టు లాగితే పోతుంది మరి. వెన్న తీసేటప్పుడు కవ్వం తాడు లాగినట్టు లాగు, మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా."

పదిహేనో రోజుకు దిబ్బమీద గురికి పెట్టిన కొబ్బరిచిప్ప పగిలింది. ఇరవయ్యో రోజుకు వరసగా ఆరూ పగిలాయి. పిస్తోలు మీద సింగన్నకు ఇష్టం పుట్టింది. పని ముగిశాక గుళ్ళచక్రం తీసి, గదిగదీ గుడ్డతో తుడిచి, ఒక్కో చుక్క ఆవనూనె వేసి, మళ్ళీ ఎక్కించేవాడు. ఎన్ని దెబ్బలు తిన్నా పని మానని మనిషిని చూస్తే కలిగే గౌరవం అది. ఒక్కటే బాధించేది. పిడి పట్టుకున్నప్పుడల్లా తన రెండు వేళ్ళూ ఎవడివో రెండు వేళ్ళ గుర్తుల్లోకి జారుకునేవి. అరచేతి కింద ఇంకో అరచెయ్యి ఉన్నట్టుండేది. ఒక్కోసారి అది చల్లగా తగిలేది.

ఫాల్గుణ పున్నమి వచ్చింది. సింగన్న చచ్చిపోయిన బూడిదవాడి అంగీ తొడుక్కున్నాడు. ముఖానికీ, ఏడాదిగా పెరిగిన గడ్డానికీ బూడిద పూసుకున్నాడు. కుడి బొటనవేలిని మడిచి గుడ్డతో కట్టించుకున్నాడు. పొడుగు చేతుల అంగీలో పిస్తోలు దాచి, బూడిద చిప్ప పట్టుకుని ఏరు దాటాడు. పేరమ్మ రేవు దాకా వచ్చి, "వాడికి ఆ పిస్తోలు కనిపిస్తే గుర్తుపడతాడు, జాగ్రత్త" అని మాత్రం చెప్పి వెనక్కి తిరిగింది.

అవతలి ఒడ్డున ఎండ ఉంది గాని వేడి లేదు. కుంభగిరి మైదానం పొడుగునా ఒకప్పటి మల్లెతోటలు ఎండి, తీగలు నేలమీద వలల్లా పరుచుకున్నాయి. వాటిమీద పూలు ఇంకా ఉన్నాయి, రాలలేదు, వాడలేదు, వాసన లేదు. కోట బురుజుల మీద నెమళ్ళు పురివిప్పి నిలబడ్డాయి. దగ్గరికి వెళితే వాటి కళ్ళల్లో కూడా బూడిదే. కాకి అరుపు లేదు, చీమ కదలిక లేదు. అక్కడక్కడా బూడిదవాళ్ళు చీపుళ్ళతో నేల ఊడుస్తున్నారు. మూసిన నోళ్ళలోంచి తేనెటీగల తుట్టెలాంటి హోరు వస్తోంది. ఒక్కడూ తలెత్తి సింగన్నను చూడలేదు. చెట్ల నీడలు మొదళ్ళలోకి ముడుచుకుపోతున్నాయి.

మైదానం నడుమ నాలుగు స్తంభాల రాతిమండపం. దాని దూలానికి ఎద్దుతోలు పట్టెడతో వేలాడుతోంది కంచుగంట, నిలువెత్తు మనిషి పట్టేంత పెద్దది. మండపానికి నలభై అడుగుల దూరంలో వరసగా వాళ్ళు నిలబడి ఉన్నారు.

పదిహేడుగురు. పదిహేడు పిస్తోళ్ళు చాపిన పదిహేడు చేతులు. ప్రతి చేతిమీదా ఒక బొటనవేలు, గుర్రాన్ని సగం ఎత్తి ఆగిపోయింది. వాళ్ళ పంచెల మడతలు కూడా రాయే. ఒకడు ఏదో కేక పెట్టబోయి తెరిచిన నోట్లో సాలెపురుగు గూడు కట్టింది. ఆ మైదానంలో బతికి ఉన్నది ఆ సాలెపురుగొక్కటేనని సింగన్నకు అనిపించింది.

నీడ పాదాల కిందికి దూరింది. పదిహేడు జతల రాతిరెప్పలు ఒక్కసారే లేచాయి.

మండపం నీడలో ఎవడో కూర్చుని ఉండడం సింగన్న చూశాడు. ఒకరి కళ్ళకూ పూయకపోతే మండపంలో కూర్చున్నవాడికి అనుమానం వస్తుంది. అందుకని మొదటివాడి దగ్గరనుంచి మొదలుపెట్టాడు. రాతిముఖంలో తడితడిగా ఉన్న కళ్ళు అతణ్ణి చూసేవి, అతను మనసులోనే క్షమించమని బూడిద పూసేవాడు, రెప్పలు మూసుకునేవి. ఇలా పదహారుగురు. పదిహేడోవాడు వరదన్న.

అన్న ఏమీ మారలేదు. నుదుట పెట్టుకున్న బొట్టు కూడా అలాగే రాయైంది. సింగన్న ఎదురుగా నిలబడి ఆ కళ్ళల్లోకి చూశాడు. అన్న కళ్ళు అతణ్ణి చూశాయి. వాటిలో గుర్తుపట్టిన ఛాయ ఏ కోశానా లేదు. బూడిదవాణ్ణి చూసే చూపు అది, వట్టి అసహ్యం. సింగన్నకు ఏడుపొచ్చినంత పనైంది. చిప్పలోంచి చెయ్యి తీశాడు, ఆ కళ్ళకు పూయలేదు.

"చివరివాడికి పూయలేదేం?"

వెనకనుంచి వచ్చింది మాట, ఇరుగుపొరుగు పలకరించినట్టు మెత్తగా. సింగన్న తిరిగాడు. తాటాకు గొడుగు కింద, నల్లకంబళి కప్పుకుని, సన్నగా పొట్టిగా ఒక మనిషి మండపం మెట్లు దిగివస్తున్నాడు. కోరలు లేవు, జడలు లేవు. సంతలో ఎదురైతే కొర్రలు అమ్ముకునేవాడనుకుంటాం. గొడుగు పట్టుకున్న కుడిచేతికి చిటికెనవేలు లేదు.

"బూడిద అయిపోయిందా నాయనా? చిప్ప నిండా ఉన్నట్టుందే."

ఇక దాచి లాభం లేదు. సింగన్న చిప్ప పారేసి, అంగీలోంచి పిస్తోలు తీశాడు. కరాళుడు నవ్వాడు. గొడుగు మూసి చంకన పెట్టుకుని, నాటకం మొదలవుతుందన్నట్టు నిలబడ్డాడు. "తొందరేం లేదు. గుర్రం ఎత్తు. పద్దెనిమిదోవాడికి ఈ వరసలోనే చోటుంది."

సింగన్న అతనివైపు పిస్తోలు చూపనే లేదు. పక్కకు తిరిగి, గంట వేలాడే తోలుపట్టెడకు గురిపెట్టాడు. అప్పుడు కనిపించింది కరాళుడికి, మడిచి కట్టిన బొటనవేలు. దాని కిందున్న తుమ్మచేవ పిడి. అతని ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"అది నాది," అన్నాడు. నాలుగువేళ్ళ చెయ్యి చాపాడు. "రా."

పిలిచింది సింగన్నను కాదు. సింగన్న గుప్పిట్లో పిస్తోలు మంచుముక్కలా చల్లబడింది. గొట్టం మెల్లగా, కుక్క యజమాని గొంతు విని తల తిప్పినట్టు, కరాళుడివైపు తిరగసాగింది. సింగన్న పళ్ళు బిగించి మీట లాగాడు. గుర్రం లేచింది, పడింది. పిస్తోలు పేలిన చప్పుడుకు ఎండుమల్లెలన్నీ ఒక్కసారి రాలిపోయాయి. గుండు దూలానికి తగిలి రాతిపొడి లేచిందే గాని పట్టెడ చెక్కుచెదరలేదు. నాలుక లేని గంట కూడా ఉలకలేదు, పలకలేదు. బొటనవేలు కదిలితే గదా.

బూడిదవాళ్ళ హోరు ఆగిపోయింది. చీపుళ్ళు పడేసి, పిడిబాకులు దూసి, నలువైపులనుంచీ పరుగు మొదలుపెట్టారు.

"రా," అన్నాడు కరాళుడు మళ్ళీ, ఇంకో అడుగు ముందుకేసి. "ఎన్నాళ్ళయిందే నిన్ను చూసి."

సింగన్న చేతిలో పిడి గిలగిలలాడింది. ఆ రెండు పల్లాలూ అతని రెండు వేళ్ళను పట్టుకుని అటు లాగుతున్నాయి. సింగన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిస్తోలుతోనే గట్టిగా మాట్లాడేశాడు. "వీడు నిన్ను చేసినవాణ్ణి చంపాడు. నిన్ను ఏట్లో పారేశాడు. పిలిస్తే పోతావా? పో, సిగ్గులేకపోతే."

అంటూనే, ఇన్నాళ్ళూ ఊరికే గాలిలో ఉంచిన చిటికెనవేలిని, అరగని చెక్క మీద, తన ప్రాణమంతా పెట్టి అదిమాడు. ఆ చోటును కరాళుడి చెయ్యి ఎన్నడూ తాకలేదు. అక్కడ చెక్క వెచ్చగా ఉంది. ఆ వేడి మెల్లగా మిగతా పిడికి పాకింది. గొట్టం ఒణుకు తగ్గి, తిన్నగా వచ్చి పట్టెడ మీద నిలిచింది.

రెండో గుండు పట్టెడను సగం కోసింది. గంట ఒక పక్కకు ఒరిగింది. అతి దగ్గరికి వచ్చిన బూడిదవాడి బాకు సింగన్న అంగీని చీల్చింది. సింగన్న అతణ్ణి మోకాటితో తన్ని, చెయ్యి దించకుండానే, కవ్వం తాడు లాగినట్టు, మొదటినుంచి చివరిదాకా ఒకే తీరుగా మూడోసారి లాగాడు.

పట్టెడ తెగింది. గంట నేలమీద పడి, ముంతలా పగిలిపోయింది. ఏడాదిగా దాచుకున్న మోతలన్నీ ఒకేసారి విడిచింది. ఆ మోతకు బూడిదవాళ్ళు చెవులు మూసుకుని బోర్లాపడ్డారు. మండపం నిండా దుమ్ము లేచింది. ఆ దుమ్ములో నల్లకంబళి ఒకటి నేలమీద పడి ఉండడం సింగన్న చూశాడు. కంబళిలో మనిషి లేడు.

వెనక రాయి బీటలు వారుతున్న చప్పుడు. సింగన్న ప్రాణం లేచివచ్చింది. ఆ తరవాత ఇంకో చప్పుడు వినిపించింది. టక్. ఏడాది కిందట సగం ఎత్తి ఆగిన బొటనవేళ్ళు ఇప్పుడు ఆ పని పూర్తిచేస్తున్నాయి. టక్, టక్, టక్. వరస మొదటినుంచి ఒక్కో గుర్రమూ లేస్తోంది. సింగన్న తనకు తెలియకుండానే లెక్కపెట్టాడు. పదిహేను. పదహారు. పదిహేడు.

పద్దెనిమిది.

సింగన్న చటుక్కున తిరిగాడు. బూడిద పూసిన పదహారుగురూ కళ్ళు నులుముకుంటూ గుడ్డివాళ్ళలా తడుముకుంటున్నారు. కళ్ళు తెరిచి ఉన్నవాడు ఒక్క వరదన్నే. అతని పిస్తోలు గొట్టం మూరెడు దూరంలో, తిన్నగా సింగన్న రొమ్మువైపు చూస్తోంది. అతనికి తెలిసింది ఒక్కటే. ఎదురుగా బూడిదవాడున్నాడు, వాడి చేతిలో పిస్తోలుంది.

ఆ వరదన్న భుజం వెనక, వరసలో పద్దెనిమిదోవాడుగా, కంబళి కింద దాచుకున్న కావలివాళ్ళ పాతచొక్కాలో, సన్నగా పొట్టిగా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కళ్ళు నులుముకుంటున్నట్టు ఎడమచెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. మంత్రం పోగానే మళ్ళీ ఆయుధం పట్టాడు, కుడిచేతిలో పిస్తోలు వరదన్న వీపుకు గురిపెట్టి ఉంది. ఆ చేతికి నాలుగే వేళ్ళు.

"అన్నా," అనబోయాడు సింగన్న. బూడిద, మందుపొగ కలిసి గొంతు పూడిపోయింది. వట్టి గురగుర వచ్చింది.

"పిస్తోలు ఎత్తావా, చచ్చావే," అన్నాడు వరదన్న. ఆ గొంతు విని ఏడాదైంది సింగన్నకు.

ఎత్తకపోతే కరాళుడు అన్నను కాలుస్తాడు. ఎత్తితే అన్న తనను కాలుస్తాడు. అన్న గురి తప్పదు, తనకు గురి నేర్పింది ఆ చెయ్యే. మాట చెప్పేందుకు వ్యవధి లేదు, ముఖం తుడుచుకునేందుకు రెండో చెయ్యి ఎత్తే వ్యవధి కూడా లేదు. సింగన్నకు చాలా భయం వేసింది. భయపడుతూనే పిస్తోలు ఎత్తి, అన్న జబ్బ పక్కనుంచి కరాళుడి భుజానికి గురిపెట్టి, లాగడం మొదలుపెట్టాడు. మీట ఎప్పటిలాగే బరువుగా, తొందరపడకుండా వచ్చింది. గుర్రం తనంతట తాను లేవడం వరదన్న చూశాడు. వేలు పెట్టకుండా లేచిన గుర్రాన్ని చూసి అతని కళ్ళు ఒక్క రెప్పపాటు చెదిరాయి.

రెండు పిస్తోళ్ళూ ఒక్కసారే పేలాయి.

కరాళుడు కెవ్వుమని అరిచాడు. అతని చేతిలోంచి పిస్తోలు ఎగిరిపడింది. విరిగిన భుజాన్ని పట్టుకుని, కోట ద్వారంవైపు, కారుతున్న నెత్తుటితో, మామూలు మనిషిలా పరుగెత్తాడు. వరదన్న వెనక్కి తిరిగి ఆ నెత్తుటిని చూశాడు, తన వీపు వెనక నేలమీద పడిన పిస్తోలును చూశాడు. అప్పటిగ్గాని అతనికి సంగతి అర్థం కాలేదు.

సింగన్న వెల్లకిలా పడి ఉన్నాడు. గుండు రొమ్ముకు తగల్లేదు. ఆ రెప్పపాటు పుణ్యమా అని జబ్బ పక్కగా దూసుకుపోయింది. అయినా నెత్తురు ధారకట్టి అంగీ తడిసిపోయింది. బోర్లాపడ్డ బూడిదవాళ్ళు ఒక్కొక్కరే లేస్తున్నారు. కోటలోపల ఎక్కడో కొమ్ము ఊదారు. వరదన్న మోకాళ్ళ మీద కూలబడి, తనను కాపాడిన ఈ బూడిదవాడు ఎవడా అని, నెత్తుటితో తడిసిన అంగీ కొసతో అతని ముఖం తుడిచాడు. ముందు నుదురు బయటపడింది. తరవాత ముక్కు. తెలియని గడ్డం మధ్య తెలిసిన నోరు.

వరదన్న చెయ్యి ఆగిపోయింది.

"ఒరే సింగా," అన్నాడు. కోపమూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి అతనికి. "నిన్న పొద్దున్నే గదరా నీకు చెప్పింది, ఇంట్లోనే ఉండు, నా వెనక రావద్దని."